ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు మొదటిసారి వింటున్నారా? ప్లగ్ పెట్టడం నుంచి అభిప్రాయం రాసుకోవడం దాకా

‘పెట్టుకోగానే అబ్బో అనిపించింది. అరగంట అయ్యాక ఇందులో బేస్ ఏదీ అనిపించింది. ఏది నమ్మాలి?’ ఈ రకం హెడ్‌ఫోన్లు చేసే జపాన్ కంపెనీ స్టాక్స్. వాళ్లవి కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తున్నారు.

అప్పటికి రెండూ నమ్మకండి. మొదటిసారి వినేటప్పుడు మనల్ని పక్కదారి పట్టించేవి మూడు: వాల్యూమ్ తేడా, చెవి చుట్టూ సరిగ్గా కూర్చోని ప్యాడ్, నిన్నటిదాకా విన్న హెడ్‌ఫోన్‌కి అలవాటుపడిన చెవి. ఈ మూడింటినీ దారికి తెచ్చాక ఏం వినిపిస్తుందో అదే హెడ్‌ఫోన్ గుణం. ఈ వ్యాసమంతా ఆ మూడింటిని దారికి తెచ్చే పద్ధతే.

ఉదాహరణకు స్టాక్స్ ఎస్‌ఆర్-ఎల్300 హెడ్‌ఫోన్, ఎస్‌ఆర్‌ఎం-252ఎస్ యాంప్ జోడీని తీసుకున్నాను. చాలామందికి మొదట చేతికొచ్చేది ఇదే. మీ దగ్గర పెద్ద మోడల్ ఉన్నా వరుస మారదు.

## 1. ఏ ప్లగ్ ఏ సాకెట్‌లో

మామూలు హెడ్‌ఫోన్ జాక్‌లో ఇవి పనిచేయవు. లోపల ఒకటి రెండు మైక్రాన్ల మందం ఉండే ప్లాస్టిక్ పొర ఉంటుంది. దానికి రెండు వైపులా చిల్లులున్న లోహపు పలకలు ఉంటాయి. ఆ పలకలే స్టేటర్లు. పొర మీద ఎప్పుడూ ఒక స్థిరమైన వోల్టేజ్ నిలిచి ఉంటుంది, దాన్ని బయాస్ అంటారు. పాట సిగ్నల్ స్టేటర్లకు వెళుతుంది. ఈ పని చేయడానికే ప్రత్యేక యాంప్ కావాలి.

- ఇప్పటి స్టాక్స్ ‘ప్రో’ రకం: 580 వోల్టుల బయాస్, ప్లగ్‌కి 5 పిన్నులు.
- పాత ‘నార్మల్’ రకం: 230 వోల్టుల బయాస్, 6 పిన్నులు.
- 6 పిన్నుల ప్లగ్ ప్రో సాకెట్‌లో దిగదు. దిగలేదని బలవంతం చేయకండి, పాత హెడ్‌ఫోన్ దెబ్బతినకుండా ఆపేది ఆ తేడాయే.
- 5 పిన్నుల ప్లగ్ పాత 6 పిన్నుల సాకెట్‌లో దిగుతుంది. బయాస్ తక్కువ కాబట్టి శబ్దం నీరసంగా వస్తుంది. సెకండ్‌హ్యాండ్ యాంప్‌తో విని ‘స్టాక్స్‌లో ఊపే లేదు’ అనేవాళ్లలో కొందరి సంగతి ఇదే.
- కాస్ అనే వేరే కంపెనీ హెడ్‌ఫోన్ ఈఎస్‌పీ-950కి బయాస్ 600 వోల్టులు, ప్లగ్ కూడా వేరు. స్టాక్స్ యాంప్‌కి నేరుగా తగలదు.

ప్లగ్ పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ యాంప్ ఆపి ఉండాలి, వాల్యూమ్ సున్నాలో ఉండాలి. పట్టుకోవాల్సింది ప్లగ్‌ని, కేబుల్‌ని కాదు. కేబుల్ వెడల్పుగా, పట్టీలా ఉండడానికి ఒక కారణముంది: తీగల మధ్య ఎడం తగ్గితే కెపాసిటెన్స్, అంటే వాటి మధ్య చార్జ్ నిలిచే గుణం, పెరుగుతుంది. అందుకే దాన్ని బిగించి చుట్టకండి.

## 2. కరెంటు సంగతి ముందే తేల్చుకోండి

జపాన్ నుంచి తెప్పించిన, లేదా అక్కడి నుంచి వస్తున్నవాళ్లతో పంపించిన యాంప్ 100 వోల్టులది కావచ్చు. మన గోడ సాకెట్‌లో ఉండేది 230. ప్లగ్‌కి అడాప్టర్ పిన్ను తగిలించి నేరుగా పెడితే యాంప్ అక్కడికక్కడే పోతుంది.

ఎస్‌ఆర్‌ఎం-252ఎస్‌కి బయట 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది కాబట్టి చిక్కు తక్కువ. 230కి సరిపోయే అడాప్టర్ తీసుకుంటే చాలు. వోల్టేజ్, ఆంపియర్లు, ప్లగ్ ధ్రువత మూడూ పాతదానితో సరిపోలాలి. పెద్ద యాంప్‌లకు మాత్రం వెనక అతికించిన రేటింగ్ చూడాలి. 100 అని ఉంటే మంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు, దాని వాటేజ్ యాంప్ వాడకం కన్నా గట్టిగానే ఎక్కువ ఉండాలి.

యాంప్ మూత విప్పకండి. ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. హెడ్‌ఫోన్ కేబుల్ ఎక్కడైనా చిట్లి ఉంటే బాగుచేయించేదాకా వినడమే వద్దు.

## 3. తేమ, తలనూనె, దుమ్ము

విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో వినేవాళ్లకు ఈ భాగం అన్నిటికన్నా ముఖ్యం. గాలిలో తేమ ఎక్కువైతే పొర మీది చార్జ్ మెల్లగా జారిపోతుంది. ఒక వైపు శబ్దం తగ్గుతుంది, లేదా సన్నగా ‘సుయ్’మంటుంది.

- తలస్నానం చేసి తడి ఆరకముందే పెట్టుకోకండి.
- కొబ్బరినూనె రాసుకున్న రోజు వద్దు. నూనె ప్యాడ్ తోలుని పాడుచేస్తుంది, జిడ్డుకి దుమ్ము అంటుకుని లోపలికి పోతుంది.
- వాడనప్పుడు పెట్టెలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. కొక్కేనికి తగిలించి అలంకారంగా వదిలేయకండి.
- లోపల వెంట్రుక కనిపిస్తే నోటితో ఊదకండి. ఊపిరిలో తేమ ఉంటుంది, ఊదిన గాలి ఒత్తిడి పొరని స్టేటర్ మీదికి నెడుతుంది.

## 4. గది, సోర్స్

ఇవి వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోన్లు. ఫ్యాన్ చప్పుడు నేరుగా చెవిలో పడుతుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండగా ‘నేపథ్యం ఎంత నిశ్శబ్దంగా ఉందో’ అని ఎవరైనా అంటే ఆ మాటని పక్కన పెట్టేయొచ్చు. అలాగని మే నెల బెజవాడలో ఫ్యాన్ ఆపి కూర్చోమనడం కూడా న్యాయం కాదు. తెల్లవారుజామున వినండి, లేదా ముందే ఏసీతో గది చల్లబరిచి ఆపేయండి.

సోర్స్‌కి పెద్ద హంగామా అక్కర్లేదు. శుభ్రమైన డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె), దాని లైన్ అవుట్ నుంచి యాంప్‌కి ఆర్‌సీఏ కేబుల్, అంతే. బ్లూటూత్ వద్దు. ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉన్న ఈక్వలైజర్, డాల్బీ, ‘సరౌండ్’ లాంటివన్నీ ఆపేయండి.

మొదలుపెట్టే ముందు చేతికి అందుబాటులో ఉండాల్సినవి:

- రోజూ వాడే పాత హెడ్‌ఫోన్, దాని యాంప్. ఇది లేకుండా వింటే కొలబద్ద లేనట్టే. షాపులో వినడానికి వెళ్లినా వెంట తీసుకెళ్లండి.
- బాగా తెలిసిన 6, 7 రికార్డింగులు. కొత్త హెడ్‌ఫోన్ కోసం కొత్త పాటలు వెతకొద్దు.
- పింక్ నాయిస్ (అన్ని స్థాయిల శబ్దాలూ కలిసిన ‘ష్’ మోత) ఫైలు, 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా ఎక్కే టోన్ ఫైలు.
- కాగితం, పెన్ను.

## 5. పెట్టుకునే పద్ధతి

ముందు యాంప్ ఆన్ చేసి వాల్యూమ్ సున్నాలో వదిలేయండి. ట్యూబ్ యాంప్ అయితే 20, 30 నిమిషాలు. ట్రాన్సిస్టర్ యాంప్‌కి అంతసేపు అక్కర్లేదు గానీ పొరకి చార్జ్ ఎక్కడానికి కొద్ది నిమిషాలు ఇవ్వండి.

ఎడమ, కుడి చూసి పెట్టుకోండి. ఎల్300 చేరిన ల్యాంబ్డా కుటుంబంలో ప్యాడ్ మందమైన వైపు చెవి వెనకకు రావాలి. తిరగేసి పెట్టుకుంటే శబ్దం ఎదుట ఉన్నట్టు కాకుండా వెనక్కి జారినట్టు ఉంటుంది.

ఇప్పుడు సీల్ పరీక్ష, అంటే ప్యాడ్ చుట్టూ గాలి పోయే సందు ఉందేమో చూడడం. 20 నుంచి 200 హెర్ట్జ్ టోన్‌ని తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. రెండు అరచేతులతో కప్పుల అంచుని తలవైపు చాలా మెల్లగా నొక్కండి. నొక్కగానే 40, 50 హెర్ట్జ్ దగ్గర శబ్దం గణనీయంగా పెరిగితే మీకు సీల్ లేనట్టు. కారణం చాలావరకు కళ్లజోడు కాడలు, చెవి వెనక జుట్టు, లేదా హెడ్‌బ్యాండ్ వదులు. కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి వినండి. ‘బేస్ లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది.

పెట్టుకునేటప్పుడు ‘టప్’మనో ‘బుర్ర్’మనో చప్పుడొస్తే కంగారు పడకండి. కప్పులోని గాలి నొక్కుకుని పొరని స్టేటర్‌కి ఆనించడం వల్ల అలా వస్తుంది. మెల్లగా పెట్టుకుంటే తగ్గుతుంది. పెట్టుకున్నాక, తల కదపకుండా ఉన్నా చప్పుడు ఆగకపోతే అది వేరే సంగతి, 10వ భాగం చూడండి.

## 6. వాల్యూమ్ సమానం చేయడం

ఈ అడుగు దాటేసి రాసిన అభిప్రాయానికి విలువ లేదు. రెండింట్లో ఏది 1 డీబీ (డెసిబెల్) గట్టిగా మోగినా అదే ‘స్పష్టంగా, విశాలంగా’ ఉన్నట్టు తోస్తుంది. తేడా వాల్యూమ్‌లో ఉందని చెవి చెప్పదు, నాణ్యతలో ఉందని చెబుతుంది.

చేసే పద్ధతి:

1. గట్టి అట్టముక్కకి ఫోన్ మైక్ పట్టేంత రంధ్రం చేయండి.
2. రంధ్రం వెనక ఫోన్ మైక్ పెట్టి, ముందు నుంచి కప్పుని అట్టకి ఆనించండి. ప్యాడ్ చుట్టూ ఖాళీ ఉండకూడదు.
3. పింక్ నాయిస్ పెట్టి, ఏదైనా సౌండ్ మీటర్ యాప్‌లో అంకె రాసుకోండి.
4. పాత హెడ్‌ఫోన్‌తో అదే చేయండి. తేడా అర డీబీ లోపలికి వచ్చేదాకా వాల్యూమ్ సర్దండి.
5. రెండు నాబ్‌ల స్థానాలూ గుర్తుపెట్టండి. చిన్న కాగితం ముక్క అంటిస్తే చాలు.

యాప్ చూపే అంకె నిజమైన డీబీ కాదు. మనకి కావలసింది రెండింటి మధ్య తేడా మాత్రమే.

నాబ్ స్థానం చూసి యాంప్ బలాన్ని అంచనా వేయకండి. ఎల్300 సున్నితత్వం 100 వోల్టులకు 101 డీబీ. అంటే 10 వోల్టులతోనే 81 డీబీ వస్తుంది. 252ఎస్ గరిష్ఠంగా ఇచ్చేది 280 వోల్టులు, అంటే 110 డీబీ దగ్గర. లెక్క ప్రకారం చాలినంత ఉంది. అయితే ఈ తరహా యాంప్‌లు లోపలికొచ్చిన సిగ్నల్‌ని దాదాపు వెయ్యి రెట్లు పెంచుతాయి. డాక్ నుంచి పూర్తి 2 వోల్టులు వస్తుంటే నాబ్‌ని పావు వంతు తిప్పేసరికే గట్టిగా మోగుతుంది. ‘పావు వంతులోనే ఇంత మోత, ఇంకా ముప్పావు మిగిలి ఉంది’ అనుకోకండి, ఆ ముప్పావులో చాలాభాగం యాంప్ తన హద్దు దాటి శబ్దం చెడే (క్లిప్ అయ్యే) చోటే.

ఇంకో జాగ్రత్త. వీటిలో వక్రీకరణ తక్కువ కాబట్టి గట్టిగా మోగుతున్నా గట్టిగా అనిపించదు, చేయి దానంతట అదే నాబ్ మీదికి పోతుంది. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డీబీ అయితే వారానికి 40 గంటలు, 90 డీబీ అయితే 4 గంటలే. ఒకసారి పెట్టిన గుర్తు దాటకండి.

## 7. వినే వరుస

మొదటి పది నిమిషాలు ఏమీ రాయకండి. మీకు ఇష్టమైనది పెట్టుకుని వినండి. చెవికి కొత్త స్వరూపం అలవాటు కావాలి. ఆ తరువాత ఈ వరుసలో వెళ్లండి, ప్రతి మెట్టు దగ్గరా రెండు మూడు నిమిషాల ముక్క చాలు.

మాట. సంగీతం కన్నా ముందు మాట్లాడే గొంతు: రేడియో వార్తలు, ప్రవచనం, ఏదైనా. మనిషి గొంతు ఎలా ఉండాలో మీ చెవికి తెలిసినంతగా ఏ వాద్యమూ తెలియదు. ‘స, శ, చ’ పలికినప్పుడు గుచ్చుతోందా? గొంతుకి ఛాతీ ఉందా, లేక పెదవుల దగ్గరే ఆగిపోయిందా?

పాత మోనో పాట. 1950లు, 60ల నాటి సినిమా పాట. గొంతు తల మధ్యలో, ఒక చుక్కలా నిలవాలి. పక్కకి జరిగితే ఒక చానల్ బలహీనంగా ఉన్నట్టు. ఒక్క షరతు: స్ట్రీమింగ్‌లో దొరికే ‘స్టీరియో’ చేసిన పాత పాటలు ఈ పరీక్షకు పనికిరావు, వాటిలో గొంతుని కావాలనే చెదరగొడతారు.

కచేరీ చప్పట్లు. నా లెక్కలో ఎలక్ట్రోస్టాటిక్ గుణం అన్నిటికన్నా త్వరగా తెలిసేది ఇక్కడే. లైవ్ కచేరీ రికార్డింగ్‌లో పాట అయ్యాక వచ్చే చప్పట్లు వినండి. మామూలు హెడ్‌ఫోన్‌లో అవి ఒక ‘ష్‌ష్’ మోతగా కలిసిపోతాయి. ఇందులో ఒక్కో చేతి జత విడిగా, వేర్వేరు దూరాల్లో తెలియాలి.

తంబుర, వీణ. గాత్రం నడుస్తుండగా తంబుర జీరని వెంబడించండి. మృదంగం జోరందుకున్నాక కూడా ఆ జీర తెగకుండా వినిపిస్తోందా? వీణలో మీటిన క్షణం మాత్రమే కాదు, మీటాక తీగని లాగి పలికించే గమకం చివర చూడండి. శబ్దం సన్నబడుతూ సన్నబడుతూ ఎక్కడ మాయమవుతోంది? పాత హెడ్‌ఫోన్‌లో ఎక్కడ మాయమైంది?

మృదంగం, ఘటం, కంజిర. తని ఆవర్తనం. కుడిచేతి వేగపు దెబ్బలు విడివిడిగా లెక్కపెట్టగలిగేలా ఉండాలి. ఎడమవైపు గుమికి గుండ్రంగా, సాగుతూ రావాలి. ఇక్కడ ఒక రకమైన నిరాశ సహజం, దాని గురించి 9లో.

రద్దీ పాట. కోరస్, తీగ వాద్యాలు, డ్రమ్స్ అన్నీ కలిసి మోగే ఏదైనా ఇప్పటి సినిమా పాట. చాలా రికార్డింగుల్లో మాస్టరింగ్‌లోనే శబ్దాన్ని గోడలా బిగించేస్తారు. అది గరుకుగా వినిపిస్తే తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు. రద్దీలో ఒక వాద్యాన్ని పట్టుకుని చివరిదాకా వెంబడించగలుగుతున్నారా అన్నదే చూడండి.

ఆరూ అయ్యాక పాత హెడ్‌ఫోన్ పెట్టుకుని అవే ముక్కలు వెనక నుంచి ముందుకు వినండి. కొత్తది పెట్టుకున్నప్పుడు తెలియని తేడాలు, తీసేసినప్పుడు తెలుస్తాయి.

## 8. అది వివరమా, ట్రెబుల్ ఎక్కువా?

‘ఇంతకుముందు వినని చప్పుళ్లన్నీ వినిపిస్తున్నాయి’ అని ప్రతివాళ్లూ రాస్తారు. పై స్థాయి స్వరాలని, అంటే ట్రెబుల్‌ని, 3 డీబీ పెంచితే ఏ చవక హెడ్‌ఫోన్‌లోనైనా అదే జరుగుతుంది. గాయని ఊపిరి, వేలు తీగ మీద జారే చప్పుడు, తాళం గలగల, అన్నీ పైకి తేలతాయి. పొర తేలిక కాబట్టి వచ్చిన వివరం వేరు, ట్రెబుల్ పెరిగి తేలిన వివరం వేరు. విడదీయడానికి ఒక సులువైన పరీక్ష ఉంది.

1. కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ లాంటిది తెరవండి.
2. 6,000 హెర్ట్జ్ పైన హై షెల్ఫ్‌తో (ఒక హద్దు పైనున్న స్వరాలన్నిటినీ ఒకేసారి పెంచే, తగ్గించే ఫిల్టర్) 3 డీబీ తగ్గించండి.
3. వీణ, చప్పట్లు, మాట మళ్లీ వినండి.
4. గొప్పగా అనిపించిన ఆ వివరం పోయిందా? అయితే మీరు మెచ్చుకున్నది ట్రెబుల్‌నే.
5. శబ్దం కాస్త మసకబారినా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ, జీర కొనసాగడం, చప్పట్ల విడివిడితనం అలాగే ఉన్నాయా? అది హెడ్‌ఫోన్ సొంత గుణం.

పాత హెడ్‌ఫోన్‌కి అదే షెల్ఫ్‌తో 3 డీబీ పెంచి కూడా చూడండి. అది ఎలక్ట్రోస్టాటిక్ దగ్గరికి వచ్చేస్తే, కొత్తది కొనడానికి మీరు పెట్టబోయే డబ్బు గురించి ఇంకొకసారి ఆలోచించుకోవచ్చు. దగ్గరికి రాకుండా కేవలం కరకరలాడితే, తేడా నిజమే.

## 9. బేస్ గురించి తీర్పు

సీల్ ఉంది, వాల్యూమ్ సమానం, అయినా గుమికిలో, డ్రమ్‌లో ఆ గుద్దు లేదు. ఇది మీ భ్రమ కాదు. పొర పెద్దది, తేలికైంది, కానీ స్టేటర్ల మధ్య కదలడానికి దానికి ఉన్న చోటు మిల్లీమీటర్‌లో కొంత భాగమే. మంచి డైనమిక్ హెడ్‌ఫోన్ కొట్టే దెబ్బ ఇందులో చాలామందికి వినిపించదు, దాన్ని దాచిపెట్టి రాయడం అనవసరం.

కాబట్టి ‘ఎంత బేస్’ అని కాకుండా ‘ఏ బేస్’ అని అడగండి. ఎడమచేతి గుమికి శ్రుతి మారుతూ సాగే తీరు తెలుస్తోందా? వరుస దెబ్బల మధ్య మోత ఆగుతోందా, ఒకదాని మీద ఒకటి పేరుకుంటోందా?

ఈక్వలైజర్‌తో బేస్ పెంచాలనుకుంటే కొద్దిగానే. 6 డీబీ పెంచడమంటే అక్కడ రెట్టింపు వోల్టేజ్ అడగడం. పెంచినంత మేర ఈక్వలైజర్‌లోని ప్రీయాంప్‌ని (మొత్తం స్థాయిని) తగ్గించండి. 30 హెర్ట్జ్ దగ్గర ‘టక్ టక్’ మంటే పొర స్టేటర్‌కి తగులుతున్నట్టు, వెంటనే తగ్గించండి.

## 10. తేడా వస్తే ఏం చూడాలి

ఒక వైపు శబ్దం తక్కువ. ముందు హెడ్‌ఫోన్‌ని తిప్పి పెట్టుకోండి. తగ్గుదల అదే చెవిలో ఉండిపోతే లోపం చెవిలో ఉండొచ్చు. గులిమి సంగతి చూపించుకోండి. తగ్గుదల కప్పుతో పాటు తిరిగితే, యాంప్ ఆపి వెనక ఆర్‌సీఏ కేబుళ్లు ఎడమకుడి మార్చండి. ఇప్పుడు రెండో కప్పు బలహీనమైతే తప్పు డాక్‌దో కేబుల్‌దో. అదే కప్పు ఇంకా బలహీనంగా ఉంటే యాంప్‌దో హెడ్‌ఫోన్‌దో.

హెడ్‌ఫోన్‌దే అనిపిస్తే ప్లగ్ తీసి, సిలికా జెల్‌తో పెట్టెలో ఒకటి రెండు రోజులు ఉంచి మళ్లీ వినండి. తేమ వల్ల వచ్చిన తేడా చాలావరకు దీంతో సర్దుకుంటుంది.

సన్నని ఈల, చిటపట. ఇదీ ఎక్కువగా తేమ పనే, లేదా లోపల చేరిన దుమ్ము. పైన చెప్పినట్టే ఆరబెట్టండి.

‘హమ్’మని మోత. ఆర్‌సీఏ కేబుళ్లు తీసేసి చూడండి. మోత ఆగితే ఎర్త్ లూప్, అంటే పరికరాల ఎర్త్ తీగల మధ్య కరెంటు తిరుగుతున్నట్టు. కంప్యూటర్, డాక్, యాంప్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. లాప్‌టాప్ అయితే చార్జర్ తీసి వినండి. చాలా ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక ఎర్తింగ్ ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్త్ పిన్ను విరిచేయడం మాత్రం వద్దు.

ఒక కప్పులో బుర్రుమనే మోత, అన్ని పాటల్లో ఒకే స్వరం దగ్గర. వెంట్రుక లోపలికి పోయి ఉండొచ్చు. ప్యాడ్ తీసి వెలుతురులో చూడండి. దుమ్ము ఆపే పలుచని తెర మీదే ఉంటే మెత్తని కుంచెతో తీయొచ్చు. తెర దాటి లోపల ఉంటే చేయి పెట్టకండి, సర్వీస్‌కి పంపండి. పంపే ముందు ఏ హెర్ట్జ్ దగ్గర మోగుతోందో టోన్ ఫైలుతో కనిపెట్టి, ఏ వైపు కప్పో, వాల్యూమ్ ఎంత ఉన్నప్పుడో కాగితం మీద రాసి పెట్టెలో పెడితే, అక్కడ చూసేవాళ్లకి పని సగం తగ్గుతుంది.

## 11. అభిప్రాయం రాసుకోవడం

విశేషణాలు తగ్గించి, ఏం జరిగిందో రాయండి. ‘సౌండ్‌స్టేజ్ అద్భుతం, గాలి ఆడుతోంది’ అంటే వారం తరువాత మీకే అర్థం కాదు. ‘చప్పట్లు ఎడమ కప్పు బయట దాకా వెళ్లాయి, గొంతు మాత్రం నుదుటి దగ్గరే’ అంటే అర్థమవుతుంది.

ప్రతి ముక్కకీ నాలుగే గడులు:

- ఏ రికార్డింగ్, ఎన్నో నిమిషం
- ఎల్300లో ఏం విన్నాను
- పాతదానిలో అదే చోట ఏం విన్నాను
- ఏది నచ్చింది, ఎందుకు

తేదీ, వాన పడుతోందా, కళ్లజోడు ఉందా లేదా కూడా రాయండి. రెండు మూడు రోజులు ఆగి, కాగితం చూడకుండా మళ్లీ వినండి, మళ్లీ రాయండి. రెండు కాగితాల్లోనూ ఉన్న వాక్యాలు ఉంచుకోండి, మిగతావి కొట్టేయండి.